హలో, వినిపిస్తోందా? – ఇంటి కంప్యూటరు ఫోనైన కాలం

2025 మే 5వ తేదీన స్కైప్ మూతపడింది. 2011లో 850 కోట్ల డాలర్లు పోసి దాన్ని కొనుక్కున్న మైక్రోసాఫ్ట్ వారే మూసేశారు. ఆ సందర్భంలో పత్రికలలో వచ్చిన కథలన్నీ దాదాపు ఒక్కలాగే ఉన్నాయి. ఒక స్వీడన్ దేశస్థుడు, ఒక డెన్మార్క్ దేశస్థుడు, ఎస్టోనియాలో కూర్చుని ప్రోగ్రాము రాసిన ముగ్గురు, ఆపైన ఈబే, ఆపైన మైక్రోసాఫ్ట్, కోట్ల డాలర్లు. అందులో అబద్ధమేమీ లేదు గాని, ఫోనన్నాక రెండు కొసలుంటాయి కదా. ఇటు కొసన న్యూజెర్సీలోనో, డల్లాస్‌లోనో మనం. అటు కొసన తెనాలిలోనో, కరీంనగర్‌లోనో, అరవయ్యో ఏట మొదటిసారి మౌసు చేతబట్టిన ఒక పెద్దమనిషి. ఆ రెండో కొసన జరిగిందేమిటో నాకు ఎక్కడా కనబడలేదు. నేను చరిత్రకారుణ్ణి కాను, బి.టెక్. చదువుకున్న సాఫ్ట్‌వేరు ఇంజినీరుని. అయినా ఆ కొస సంగతి తెలిసినవాళ్ళు ఏటేటా తగ్గిపోతున్నారు కనుక, తెలిసినంత ఇక్కడ రాసి పెడుతున్నాను.

మన కంటే ముందు ఈ దేశం వచ్చిన పెద్దలను అడిగితే చెబుతారు. 1980లలో ఇండియాకు ఫోనంటే పురుడు కబురుకో, పెళ్ళి ముహూర్తానికో, లేదంటే వినకూడని కబురుకో. నిమిషాల లెక్క డాలర్లలో ఉండేది. మాట్లాడవలసినవి ముందే కాగితం మీద రాసుకుని, వాచీ చూసుకుంటూ చదివేవారు. ఊళ్ళో ఫోనున్న ఇల్లు ఒకటో రెండో. మిగతా వాళ్ళందరికీ అదే పీపీ నంబరు. నేను 2001లో ఎమ్మెస్ చదవడానికి వచ్చేనాటికి రోజులు కాస్త మారి, ఇండియన్ గ్రోసరీ కొట్లలో కౌంటరు మీద రంగురంగుల ఫోను కార్డులు దొరికేవి. నాణెంతో గీకి, పిన్ను నంబరు కొట్టి, మీకింకా ఇన్ని నిమిషాలున్నాయని ఆవిడ చెప్పేది వినాలి. ఆ నిమిషాలకూ మన గడియారంలో నిమిషాలకూ ఎప్పుడూ పొంతన కుదిరేది కాదు. అది వేరే పురాణం.

మాటను ముక్కలుగా చేసి కంప్యూటర్ల ద్వారా పంపవచ్చుననే ఆలోచన స్కైప్‌తో పుట్టలేదు. 1970లలోనే, ఇంటర్నెట్‌కు తాతగారనదగ్గ ఆర్పానెట్ మీద డానీ కోహెన్ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు ఆ ప్రయోగాలు చేశారు. అందుకు వాడిన నెట్‌వర్క్ వాయిస్ ప్రోటోకాల్ 1977లో ఆర్ఎఫ్‌సీ 741గా అచ్చయింది. అయితే అవి పరిశోధనశాలల్లోని యంత్రాలు. మామూలు మనిషి ఇంట్లోని కంప్యూటరుకు ఆ విద్య 1995 ఫిబ్రవరిలో వచ్చింది. ఇజ్రాయెల్ కంపెనీ వోకల్‌టెక్ అప్పుడు ఇంటర్నెట్ ఫోన్ అనే సాఫ్ట్‌వేరు అమ్మకానికి పెట్టింది. విండోస్ కంప్యూటరు, సౌండు కార్డు, మైకు, మోడెము ఉంటే చాలు. అవతలి మనిషి కూడా అదే సమయానికి అదే సాఫ్ట్‌వేరు తెరిచి కూర్చుని ఉండాలి, అంతే.

ఒక చిక్కుంది. ఆనాటి సౌండు కార్డులు చాలావరకు ఒక సమయంలో ఒక పనే చేసేవి. వింటున్నప్పుడు మాట్లాడలేవు, మాట్లాడుతున్నప్పుడు వినలేవు. పోలీసుల వైర్‌లెస్ సెట్టులాగా ఒకరు ముగించాక ఇంకొకరు మొదలెట్టాలి. మన ఇళ్ళలో ఒకరు మాట్లాడుతుంటే మరొకరు నోరు మూసుకుని వినడమన్నది ఎంతవరకు సాధ్యమో మీకు తెలియనిది కాదు! ఆ తరవాత ఏడాదిలోనే రెండు పనులూ ఒకేసారి చేయగల కార్డులు ఇళ్ళకు చేరసాగాయి. 1996లో మైక్రోసాఫ్ట్ నెట్‌మీటింగ్ వచ్చింది. కంప్యూటరు నుంచి మామూలు ఫోనుకు మాట్లాడించే నెట్‌టుఫోన్ కూడా ఆ ఏడాదే వచ్చింది. మన కథకు ఈ రెండోదే ఎక్కువ పనికివచ్చింది. అవతలి ఇంట్లో కంప్యూటరు లేకపోయినా ఫోనుంటే చాలు గదా.

ఇక ఇండియా సంగతి. విదేశ్ సంచార్ నిగమ్ అంటే విఎస్ఎన్ఎల్ వారు 1995 ఆగస్టు 15న సామాన్యులకు ఇంటర్నెట్ తలుపులు తెరిచారు. మొదట బొంబాయి, ఢిల్లీ, కలకత్తా, మద్రాసులలో ఇచ్చారు. హైదరాబాదు ఆ తరవాత. ప్రైవేటు కంపెనీలకు 1998 నవంబరులో అనుమతి దొరికింది. కాని ఇంటర్నెట్ మీద మాట్లాడటం మాత్రం నిషిద్ధం. ఈమెయిలు రాసుకోవచ్చు, బొమ్మలు పంపుకోవచ్చు, గొంతు పంపకూడదు. ఎందుకంటే విదేశీ ఫోను కాల్స్ మీద గుత్తాధిపత్యం విఎస్ఎన్ఎల్‌దే, దాని రాబడికి అవే ఆధారం. తంతి తపాలాల కాలం నాటి 1885 టెలిగ్రాఫ్ చట్టం అండగా ఉండనే ఉంది. ఆ గుత్తాధిపత్యం ముగిసిన 2002 ఏప్రిల్ 1 నుంచి ఇంటర్నెట్ టెలిఫోనీని అనుమతించారు. అదైనా షరతుల మీదే. కంప్యూటరు నుంచి కంప్యూటరుకు సరే, కంప్యూటరు నుంచి విదేశంలోని ఫోనుకూ సరే, కంప్యూటరు నుంచి ఇండియాలోని ఫోనుకు మాత్రం కలపరాదు. హైదరాబాదులోని కొడుకు కంప్యూటరు నుంచి విజయవాడలోని తండ్రి ఫోనుకు చేస్తే నేరం, చికాగోలోని కూతురి ఫోనుకు చేస్తే ఒప్పు. చట్టానికి గూడా అప్పుడప్పుడు ఎన్నారై మీద అభిమానం ఉంటుందన్నమాట.

అంటే 2001లోనూ 2002 మొదటి మూడు నెలల్లోనూ ఆంధ్రదేశంలో నెట్ సెంటర్లలో కూర్చుని యాహూ మెసెంజర్‌లో పిల్లలతో మాట్లాడిన తల్లిదండ్రులందరూ లెక్క ప్రకారం నిషిద్ధమైన పని చేసినట్టే. రెవెన్యూ శాఖలో ముప్ఫయి ఏళ్ళు పనిచేసి రిటైరయిన మా నాన్నగారికి ఈ సంగతి అప్పట్లో తెలిసుంటే నెట్ సెంటరు గుమ్మం తొక్కేవారు కాదు. తెలియలేదు కాబట్టి ఆదివారం ఆదివారం తెనాలిలో గంటకు పాతిక రూపాయలిచ్చి, అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడారు.

మాట్లాడారు అంటున్నాను గాని, ఆ మాటల తీరు ఈనాటి పిల్లలకు ఊహకందదు. కాస్త లెక్క చెబుతాను, విసుక్కోకండి. అప్పటి మోడెముల కోసం జి.723.1 అనే పద్ధతిలో గొంతును బాగా కుదించేవారు. సెకనులో వెయ్యో వంతును మిల్లీసెకను అంటారు గదా. 30 మిల్లీసెకన్ల మాట ఈ పద్ధతిలో 24 బైట్లలో ఇమిడిపోతుంది. అయితే దాన్ని నెట్ మీద పంపాలంటే చిరునామాలు, వరస సంఖ్య వగైరాలన్నీ చేర్చాలి. వాటికి 40 బైట్లు! అంటే ఉత్తరం కంటే కవరు బరువు. సెకనుకు 6.3 కిలోబిట్లు కావలసిన గొంతు కాస్తా 17 కిలోబిట్లయి కూర్చుంటుంది. 56కె మోడెము అని అట్ట మీద రాసి ఉన్నా, మన వైపు నుంచి పంపే వేగం 33.6 కిలోబిట్లకు మించదు. తెనాలి లైన్ల మీద అందులో సగం వస్తే అదృష్టం. అందుకే మాట నీళ్ళలోంచి వచ్చినట్టుండేది. మధ్యలో రెండు అక్షరాలు ఎగిరిపోయేవి. "బాగున్నావా" అన్నది "బా...వా" అని వినబడితే ఎవరు ఎవరిని బావా అంటున్నారో తెలియక ఇటు నవ్వు, అటు కంగారు.

అంతకన్నా ఇబ్బంది పెట్టింది ఆలస్యం. న్యూజెర్సీకీ మా ఊరికీ మధ్య దూరం సుమారు 13,000 కిలోమీటర్లు. గాజు తీగలో వెలుగు సెకనుకు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. దారి తిన్నగా ఉన్నా 65 మిల్లీసెకన్లు తప్పవు, దారి ఎన్నడూ తిన్నగా ఉండదు. ఉపగ్రహం మీదుగా పోతే మరీ అన్యాయం. 36,000 కిలోమీటర్లు పైకి, మళ్ళీ అంతా కిందికి, దానికే పావు సెకను. మోడెములు చెరికాస్త, సౌండు కార్డు కాస్త, ముందూవెనకగా వచ్చిన ముక్కలను వరసలో పెట్టే సాఫ్ట్‌వేరు మరికాస్త కలుపుకుంటాయి. ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్లు దాటకపోతే సంభాషణకు అడ్డు ఉండదని అంతర్జాతీయ టెలికం యూనియన్ వారి లెక్క. మనకు అర సెకను, ముప్పావు సెకను పట్టేది. ఫలితం ఏమిటంటే, ఇద్దరూ ఒకేసారి మొదలెట్టి, ఇద్దరూ ఒకేసారి ఆగి, "నువ్వు చెప్పు", "కాదు నువ్వే చెప్పు" అని మళ్ళీ ఒకేసారి అనుకోవడం. మౌనానికి కూడా అర్థాలు మారిపోయాయి. ఉద్యోగం పోయిందని చెప్పిన కొడుక్కి ఒక సెకను పాటు జవాబు రాకపోతే అది తండ్రి బాధో, తీగ ఆలస్యమో చెప్పడమెట్లా? 2001, 2002లలో ఇక్కడ ఐటీ ఉద్యోగాలు పోగొట్టుకున్న వాళ్ళలో ఈ అనుభవం చాలామందికి ఉంది.

2005లో మా ఇంటికి కంప్యూటరు వచ్చింది. మా నాన్నగారు ఆఫీసులో ఫైలు నడిపినట్టే దీన్నీ నడిపారు. ఎరువుల కంపెనీ వాళ్ళిచ్చిన ఒక పాత డైరీలో, నేను ఫోనులో చెప్పిన ప్రతి మెట్టూ తేదీ వేసి రాసుకున్నారు. ఆ డైరీ ఇప్పుడు నా దగ్గరుంది. చరిత్రకు ఆధారాలు కావాలంటారు కదా, ఈ వ్యాసంలో సగం దానిలోదే.

మొదటి పేజీలన్నీ పిన్నుల గురించి. కంప్యూటరు వెనక ఆకుపచ్చ రంధ్రం స్పీకర్లకు, గులాబీ రంధ్రం మైకుకు, నీలం రంధ్రం ఖాళీగా ఉంచవలెను అని రాసుకున్నారు. కింద ఎర్ర సిరాతో ఇంకో వాక్యం: "ముందువైపు రంధ్రములు ఉత్తవి." నిజమే, ఊళ్ళలో విడిభాగాలు బిగించి ఇచ్చిన డబ్బాల్లో చాలావాటికి ముందువైపు జాకులను లోపల బోర్డుకు కలిపేవారే కాదు. అలంకారం. ఆ వాక్యం వెనుక మూడు ఆదివారాలు, రెండు ఫోను కార్డులు ఉన్నాయి. ఇక్కడొక వింత గమనించాలి. ఉచితంగా మాట్లాడుకునే ఏర్పాటు చెడిపోతే, దాన్ని బాగుచేయడానికి డబ్బులిచ్చి ఫోను చేయాలి. కార్డు నిమిషాలు కరిగిపోతుంటే ఇలా సాగేది:

"నాన్నగారూ, కుడివైపు కింద గడియారం పక్కన స్పీకరు బొమ్మ ఉందా?"

"ఉంది."

"దాని మీద గబగబా రెండుసార్లు నొక్కండి."

"నొక్కాను. ఏవో వచ్చాయి."

"ఏమొచ్చాయి?"

"నిలువు గీతలు. అయినా నిన్ను అడుగుతాను, ఇంత చదువు చదివావు, ఆ స్పీకరేదో అక్కడినుంచి నువ్వే నొక్కలేవట్రా?"

ఆ నిలువు గీతల దగ్గరే విండోస్ ఎక్స్‌పీ పెట్టిన అసలు తిరకాసు ఉండేది. కనబడే పట్టీలో మైకు ఉంటుంది, దాన్ని ఎంత పెంచినా అవతలి వాళ్ళకు వినబడదు. ఎందుకంటే అది వినే పట్టీ. మాట్లాడే పట్టీ వేరే ఉంది. ఆప్షన్స్‌లోకి వెళ్ళి, ప్రాపర్టీస్‌లోకి వెళ్ళి, రికార్డింగ్ అన్న చుక్క నొక్కితే అప్పుడు తెరుచుకుంటుంది. అందులో మైకుకు ఎదురుగా టిక్కు ఉండాలి. ఇంకా చాలకపోతే అడ్వాన్స్‌డ్ అన్నచోట మైకు బూస్టు. ఎంతమంది తెలుగు తండ్రులు ఈ దారి కంఠస్థం చేశారో! మా నాన్నగారి డైరీలో దీనికి పెట్టిన పేరు "దొంగ మైకు – అసలు మైకు". మైక్రోసాఫ్ట్ వారి పుస్తకాలలో కూడా ఇంత సూటిగా లేదు.

తరవాతి గొడవ ప్రతిధ్వని. నా గొంతే నాకు అర సెకను తరవాత తిరిగి వినిపించేది. చాలామంది అలా వినగానే తమ కంప్యూటరులో తప్పు వెతుకుతారు. నిజానికి తప్పు అవతలి వైపుది. నా మాట వాళ్ళ స్పీకర్లలోంచి వచ్చి, వాళ్ళ మైకులో దూరి, సముద్రాలు దాటి నాకే తిరిగి వస్తోంది. వాళ్ళకు మాత్రం అంతా శుభ్రంగానే వినిపిస్తుంటుంది. కాబట్టి బాధ పడేది ఒకరు, బాగుచేయవలసింది ఇంకొకరు. దీనికి మందు హెడ్‌ఫోన్లు. అయితే హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే ఒక్కరే వినగలరు. వెనక నిలబడ్డ అమ్మ, పిన్ని, పక్కింటి మామ్మగారు ఏం కావాలి? మా ఇంట్లో దొరికిన పరిష్కారం స్పీకర్లను కిటికీ వైపు తిప్పి, మైకును ఒక చేతిరుమాలు మీద పెట్టడం. రుమాలు దేనికో గాని, దూరం మాత్రం పనిచేసింది. ఫ్యాను ఆపమని మాత్రం మే నెలలో అడిగే ధైర్యం నాకు లేకపోయింది. సగం సంభాషణలు ఆ ఫ్యాను రొద, కరెంటు పోతే యూపీఎస్ కూతల మధ్యనే జరిగాయి.

ఇవన్నీ కంటికి కనబడే జబ్బులు. కనబడనిది ఇంకోటుంది, అదే అసలైన శత్రువు. ఇంటర్నెట్ చిరునామాలు చాలవని 1994 నుంచి ఒక ఉపాయం వాడుకలోకి వచ్చింది. నాట్ అంటారు. అపార్టుమెంటు ఊహించుకోండి. బయటివాళ్ళకు బిల్డింగు చిరునామా ఒక్కటే తెలుసు, లోపలి ఫ్లాటు నంబర్లు తెలియవు. గేటు దగ్గర వాచ్‌మన్ ఉంటాడు. లోపలి నుంచి ఎవరైనా ఉత్తరం రాసి పంపితే, దానికి వచ్చిన జవాబును గుర్తుపెట్టుకుని ఆ ఫ్లాటుకు చేరుస్తాడు. తనంతట తానుగా వచ్చిన కొత్త మనిషిని మాత్రం లోపలికి రానివ్వడు. వెబ్ పేజీలు చూడటానికి ఈ పద్ధతి బ్రహ్మాండంగా సరిపోతుంది. ఫోనుకు పనికిరాదు, ఫోనంటేనే చెప్పాపెట్టకుండా వచ్చేది కదా. పైగా రెండు కొసలా వాచ్‌మన్లుంటే? ఇద్దరూ తలుపు తీయరు. నెట్‌మీటింగ్ వంటివి ఇక్కడే చతికిలబడ్డాయి. గంట మోగేది, ఎత్తితే నిశ్శబ్దం. లేదా ఒకవైపు మాటే వినిపించేది. రౌటరులోకి దూరి 192.168.1.1 అని కొట్టి, ఫలానా పోర్టులు తెరవమని చెప్పడం ఇక్కడ నాకు పెద్ద పని కాదు. అటు వైపు ఎవరు చేస్తారు?

దీనికి విరుగుడు ఏమిటంటే, ఇద్దరికీ తెలిసిన మూడో మనిషి ఒకడుండాలి. వాడు వీడి బయటి చిరునామా వాడికీ, వాడిది వీడికీ చెబుతాడు. ఇద్దరూ ఒకేసారి లోపలి నుంచి ఒకరికొకరు ఉత్తరాలు వేస్తారు. అప్పుడు ఇద్దరు వాచ్‌మన్లూ వచ్చినదాన్ని జవాబనుకుని లోపలికి వదిలేస్తారు. 2003 మార్చిలో స్టన్ అన్న పేరుతో ఇందుకు ఒక ప్రమాణపత్రం వెలువడింది. అదే ఏడాది ఆగస్టు 29న స్కైప్ వచ్చింది. నిక్లాస్ జెన్‌స్ట్రోమ్, యానుస్ ఫ్రీస్ అంతకుముందు కజా అనే పాటల పంపిణీ సాఫ్ట్‌వేరు నడిపినవాళ్ళు. ఎస్టోనియాలోని ఆహ్తి హెయిన్ల, ప్రీత్ కసెసాలు, యాన్ తాలిన్ దాని ప్రోగ్రాము రాశారు. కజాలో నేర్చిన విద్యనే ఇక్కడా వాడారు. ఆ మూడో మనిషి పనికి సొంతంగా పెద్దపెద్ద సర్వర్లు పెట్టుకోకుండా, వాచ్‌మన్ లేని ఇళ్ళలోని వాళ్ళ వాడకందార్ల కంప్యూటర్లనే వాడుకున్నారు. వాటిని సూపర్‌నోడ్లు అనేవారు. అంటే ఒహాయోలో ఎవరో విద్యార్థి నిద్రపోతుండగా వాడి గదిలోని కంప్యూటరు మన ఊరి కబుర్లకు మధ్యవర్తిత్వం చేసి ఉండవచ్చు. మామూలు దారులన్నీ మూసుకుపోతే వెబ్ పేజీలు వచ్చే 80, 443 పోర్టుల గుండానే దూరిపోయేది.

స్కైప్ గొంతు బాగుండేదని అందరూ అంటారు, నిజమే. అయినా నా లెక్కలో అది గెలిచింది గొంతుతో కాదు. అటు వైపు మనిషిని ఏ సెట్టింగూ అడగకపోవడంతో గెలిచింది. డైరీ చూస్తే ఆ తేడా తెలిసిపోతుంది. యాహూ మెసెంజర్‌కు పదకొండు పేజీలున్నాయి. స్కైప్‌కు పేజీన్నర. అందులోనూ సగం "ఎకో123"కు ఫోను చేసి సొంత గొంతు విని సరిచూసుకోవడం గురించే. ఆ పరీక్ష ఒక్కటీ ఎన్ని ఫోను కార్డులు మిగిల్చిందో. మైకు పనిచేస్తోందా లేదా అన్నది నన్ను నిద్రలేపకుండానే వాళ్ళకు తెలిసిపోయేది. ఆ ఇంగ్లీషు అమ్మాయి "బీప్" తరవాత మాట్లాడమంటే మా అమ్మ ఆమెతోనే కుశల ప్రశ్నలు మొదలెట్టింది, అది వేరే విషయం.

ఒక్క అడ్డంకి మాత్రం అందరికీ తగిలింది. 2004 ఆగస్టులో వచ్చిన ఎక్స్‌పీ సర్వీసు ప్యాకు 2, ఫైర్‌వాల్‌ను తనంతట తానే ఆన్ చేసేది. కొత్త ప్రోగ్రాము మొదటిసారి తెరవగానే ఒక పెట్టె వచ్చి, దీన్ని ఆపనా వదలనా అని అడిగేది. జాగ్రత్తపరులైన మన పెద్దలు ప్రమాదకరమేమోనని ఆపమనే నొక్కేవారు. ఆ పెట్టె మళ్ళీ రాదు, కాల్సూ సరిగా నడవవు. "పసుపు డాలు బొమ్మ వచ్చిన అన్‌బ్లాక్ అనే నొక్కవలెను, భయపడరాదు" అని ఒక పేజీ అడుగున ఉంది.

ఇక్కడ బి.ఎస్.ఎన్.ఎల్. వారి పాత్ర చెప్పకపోతే కృతఘ్నత అవుతుంది. 2004 అక్టోబరులో కేంద్రప్రభుత్వం బ్రాడ్‌బ్యాండు విధానం ప్రకటించింది, 256 కిలోబిట్లుంటే దాన్ని బ్రాడ్‌బ్యాండు అనవచ్చునని. 2005 జనవరిలో డేటావన్ పేరుతో బి.ఎస్.ఎన్.ఎల్. ఆ సేవను ఆరంభించింది. ఫోను కూత లేదు, ఫోను బిజీ లేదు, 17 కిలోబిట్ల మాటకు 256 కిలోబిట్ల రోడ్డు! నెలకు ఇంత డేటా అని పరిమితి ఉండేది గాని, తరవాత వచ్చిన కొన్ని పథకాలలో రాత్రి 2 నుంచి ఉదయం 8 వరకు ఎంత వాడినా లెక్కలోకి రాదన్నారు. దేశంలో కుర్రకారు ఆ వేళ సినిమాలు దించుకోవడానికి వాడుకున్నారు. మనకు మాత్రం అది దేవుడిచ్చిన ముహూర్తం. వేసవిలో ఇక్కడ తూర్పు తీరాన రాత్రి ఎనిమిదిన్నర అయితే అక్కడ తెల్లవారి ఆరు. మనం వంట ముగించి కూర్చునే వేళకు వాళ్ళు కాఫీ గ్లాసులతో కూర్చునేవారు. నవంబరులో ఇక్కడ గడియారాలు వెనక్కి తిప్పుకున్నామని చెప్పడం మరిచిపోతే, పాపం గంటసేపు తెర ముందే కూర్చునేవారు.

2005 చివర్లో, 2006 మొదట్లో స్కైప్‌కు వీడియో కూడా కలిసింది. దీని గురించి మీకందరికీ మీమీ జ్ఞాపకాలుంటాయి కనుక నేను రాయను. ఒక్కటే చెబుతాను. మా అబ్బాయి మొదటి రెండేళ్ళు వాళ్ళ తాతయ్యను భుజాల వరకే ఉన్న మనిషి అనుకున్నాడు.

గల్ఫ్‌లోని మనవాళ్ళకు ఈ సుఖం దొరకలేదు. కరీంనగర్, నిజామాబాదు జిల్లాల నుంచి, కోనసీమ, కడప ప్రాంతాల నుంచి వెళ్ళినవాళ్ళలో ఎక్కువమంది కూలి పనుల మీద వెళ్ళినవాళ్ళు. ఫోను ఖర్చు మనకంటే వాళ్ళకే ఎక్కువ బరువు. కాని ఎమిరేట్స్‌లో లైసెన్సు లేని ఇంటర్నెట్ కాల్స్‌ను ఆపేశారు, స్కైప్ అందులో ఒకటి. సౌదీ అరేబియా ఆ ఆంక్షలను 2017 సెప్టెంబరులో సడలించింది. సాంకేతికంగా అన్నీ సిద్ధంగా ఉండి కూడా గొంతు దాటలేకపోవడం, 2002కు ముందు ఇండియాలో జరిగినట్టే, అక్కడ అంతకంటే ఎన్నో ఏళ్ళు సాగింది. మన సావనీర్లలో వాళ్ళ కథకు చోటు తక్కువ.

ఇదంతా ఎంత సన్నని దారం మీద నడిచిందో రెండు సంఘటనలు చూపించాయి. 2007 ఆగస్టు 16న స్కైప్ కుప్పకూలి సుమారు రెండు రోజులు లేవలేదు. విండోస్ అప్‌డేట్ తరవాత లోకంలోని కంప్యూటర్లు పెద్ద సంఖ్యలో ఒక్కమారు రీస్టార్టయి, అన్నీ ఒకేసారి లాగిన్ కాబోయి, మధ్యవర్తులుగా ఉండవలసిన యంత్రాలే చాలక, లోపలున్న ఒక లోపం బయటపడింది. ఊళ్ళో వాళ్ళ భుజాల మీద నడిచే పల్లకి, బోయీలందరూ ఒకేసారి దిగితే ఏమవుతుందో అదే. 2008 జనవరి 30న ఈజిప్టులోని అలెగ్జాండ్రియా దగ్గర సముద్రగర్భంలో తీగలు తెగి, ఇండియా నుంచి పడమటి వైపు వెళ్ళే ఇంటర్నెట్ చాలావరకు దెబ్బతింది. తీగ తెగిందని తెలియని ఇళ్ళలో ఎన్ని ఆకుపచ్చ పిన్నులు పీకి మళ్ళీ పెట్టి ఉంటారో.

2012లో మైక్రోసాఫ్ట్ ఆ సూపర్‌నోడ్లను తన సర్వర్లలోకి మార్చేసింది. అదే ఏడాది, స్కైప్ వాళ్ళ సిల్క్ అనే కోడెక్‌ను కలుపుకుని ఓపస్ అనే ప్రమాణం రూపొందింది. ఈనాడు బ్రౌజరులో మీరు చేసే మీటింగులలో వినిపించే గొంతు దానిలోదే. 2015లో వాట్సాప్‌లో ఫోను, 2016లో వీడియో, ఆ సెప్టెంబరులోనే జియో. ఇంటి కంప్యూటరు మీద దుప్పటి కప్పేశారు. యాహూ మెసెంజర్ 2018 జులై 17న ఆగిపోయింది. నాన్నగారు ఆ ఏడాదే పోయారు.

స్కైప్ మూతపడుతుందని తెలిశాక నా ఖాతాలోని సమాచారమంతా దించుకున్నాను. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎన్ని సెకన్లు మాట్లాడామో ఉంది. మాటలు ఎవరూ రికార్డు చేయలేదు కనుక మాటలు లేవు. అదీ చివరి కొద్ది ఏళ్ళదే. మొదటి ఏళ్ళలో స్కైప్ ఆ లెక్కలను సర్వర్లలో దాచేది కాదు, ఎవరి కంప్యూటరులో వారివే ఉండేవి. మా రెండిళ్ళలోని ఆనాటి కంప్యూటర్లు ఎప్పుడో పాత సామాన్లవాళ్ళ పాలయ్యాయి. అందువల్ల 2005 నుంచి దాదాపు పదేళ్ళు మేము మాట్లాడుకున్నామనడానికి నా దగ్గరున్న రుజువు ఆ ఎరువుల కంపెనీ డైరీ. అందులో నేను ఇంకా అర్థం చేసుకోలేకపోయిన పేజీ ఒకటుంది. వరసగా తేదీలు, ప్రతి తేదీకి ఎదురుగా ఒక టిక్కో, ఒక సున్నానో. మైకు పనిచేసిన రోజులనుకున్నాను. అమ్మనడిగితే కాదంది, నేను తిన్నానని చెప్పిన రోజులూ చెప్పని రోజులూ అయ్యుంటాయంది.